లోపల వదిలిన రెండంగుళాలు

మా పెదనాన్న దేన్నీ కొలతకి సరిపడా చెయ్యడు. రెండంగుళాలు ఎక్కువ వదులుతాడు. టైలరన్నాక కుట్టు లోపల కాస్త గుడ్డ వదలడం మామూలే, రేపు మనిషి లావైతే విప్పుకోవాలి కదా. అందరూ అరంగుళం వదులుతారు, ధర్మాత్ములు ముప్పావు. మా పెదనాన్న రెండు వదులుతాడు. అది గుడ్డతో ఆగితే నేనింత రాసేదాన్ని కాదు. ఆయన టైములో వదులుతాడు, మాటల్లో వదులుతాడు, బల్లమీద కూర్చుంటే పక్కన వదులుతాడు. మా వీధిలో ఆయన పేరు "రెండంగుళాల టైలర్". అది ఎత్తు గురించి అనుకుని వచ్చిన కొత్తవాళ్ళు, గుమ్మంలో ఆరడుగుల మనిషిని చూసి కంగారు పడుతుంటారు.

నా ఆరో ఏట బడికి కుట్టిన చొక్కా నేను పదకొండో ఏటిదాకా తొడుక్కున్నాను. ఏటా ఒకసారి చేతులు విప్పి కాస్త కిందికి దించేవాడు. లోపల దాక్కున్న గుడ్డ ఎండా సబ్బూ ఎరగనిది కాబట్టి కొత్తగా మెరిసేది. పదకొండో ఏటికి నా చొక్కా చేతుల చివర అయిదు రకాల నీలం రంగులు వరసగా ఉండేవి. మా క్లాసు టీచరు నా వయసు రిజిస్టరులో చూసేది కాదు, చొక్కా చెయ్యి పట్టుకుని లెక్కపెట్టేది.

ఓసారి ఒక పెళ్ళికొడుకు కోటు కుట్టించుకోడానికి వచ్చాడు. చీపురుపుల్లలా ఉన్నాడు. ట్రయల్ వేసుకుని, లోపల తడిమి చూసుకుని అడిగాడు.

"ఇంత గుడ్డ లోపలెందుకండీ?"

"పెళ్ళవుతోంది కదా బాబూ."

"అయితే?"

"అయితే ఏముంది, ఇంట్లో ఎవరో ఒకరు వంట బాగా చేస్తారు."

పెళ్ళికొడుక్కి ఒళ్ళు మండింది. వాళ్ళ వంశంలోనే లావుపాటివాళ్ళు లేరని చెప్పి వెళ్ళిపోయాడు. ఎనిమిది నెలలకి కోటు చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు. "నేనే బాగా చేస్తున్నానండీ" అన్నాడు తలొంచుకుని.

మాటల్లో వదలడం ఇంకో బాధ. పెదనాన్న ఒక వాక్యం అన్నాక ఆగుతాడు, అవతలివాళ్ళు ఏదైనా చేర్చుకుంటారేమోనని. ఎదురుగా ఉంటే పరవాలేదు. ఫోనులో "హలో, నేనే" అని ఆగుతాడు. లైను పోయిందనుకుని అవతలివాళ్ళు పెట్టేస్తారు. ఆయన మళ్ళీ చేసి "హలో, నేనే" అంటాడు. పెద్దమ్మ చెబుతుంది: "నన్ను చేసుకుంటావా అని అడిగి ఆగారు. ఎంత మర్యాదస్తుడు, ఆలోచించుకోడానికి టైమిస్తున్నాడు అనుకున్నా. ఒప్పేసుకున్నా. తీరా చూస్తే అందరితోనూ అంతే. చివరికి కూరగాయలవాడితో కూడా!"

మా నాన్న ఆయనకి సొంత తమ్ముడు. ఆయనా టైలరే. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే గురువు దగ్గర సూది పట్టి, ఇద్దరూ తూర్పూ పడమరా అయ్యారు. నాన్నది అచ్చు అతికినట్టుండే కోత. గీత గీసిన చోటే కత్తెర, కత్తెర పక్కనే కుట్టు. ఆయన కుట్టిన ప్యాంటు తొడుక్కుని నిలబడొచ్చు, నడవొచ్చు, కూర్చోవాలంటే మాత్రం ముందు కాస్త ఆలోచించుకోవాలి. వీధి ఆయనకి "పక్కా టైలర్" అని పేరు పెట్టింది. ఈ ఇద్దరూ ఇరవై ఏళ్ళు ఒకే దుకాణంలో, ఒకే బల్లకి అటొకరూ ఇటొకరూ నిలబడి పనిచేశారు.

"అన్నయ్యా, నీ చొక్కా తొడుక్కున్నవాడు పరుపు కప్పుకున్నట్టుంటాడు."

"నీది తొడుక్కున్నవాడు ఊపిరి పీల్చాలంటే పక్కవాడి సాయం అడగాలిరా."

ఈ వాదం ముదిరి ముదిరి, పద్దెనిమిదేళ్ళ కిందట, బడులు తెరవడానికి సరిగ్గా పదిహేను రోజుల ముందు, మా నాన్న బయటికొచ్చి వీధికి ఎదురువైపు సొంత దుకాణం పెట్టాడు. ఊరికే రాలేదు, కొలతల పుస్తకం పట్టుకొచ్చాడు. మిషను పోతే ఇంకో మిషను కొనుక్కోవచ్చు. కొలతల పుస్తకం పోతే టైలరుకి ఊరు పోయినట్టే. అందులో రెండు బడుల పిల్లలు, మూడువందల పన్నెండుమంది, ఛాతీలూ భుజాలూ మెడలూ సహా ఉన్నారు. "నా చేతిరాత, నా పుస్తకం" అన్నాడు మా నాన్న. అని ఊరుకున్నాడా, కొత్త దుకాణం ముందు బోర్డు కూడా పెట్టాడు: "పిల్లల్ని తీసుకురానక్కర్లేదు. కొలతలు మా దగ్గరున్నాయి."

పెదనాన్న పల్లెత్తు మాటనలేదు. టేపు మెడలో వేసుకుని, తన దగ్గరికొచ్చిన పిల్లల్నందరినీ మొదటినుంచీ కొలుచుకున్నాడు. ఆ రోజునుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. మధ్యనున్న వీధి వెడల్పు మా నాన్న లెక్కలో పద్దెనిమిది అడుగులు. పెదనాన్న లెక్కలో పద్దెనిమిది అడుగుల రెండంగుళాలు.

పెద్దమ్మా, అమ్మా, నేనూ మాత్రం ఆ వీధి దాటుతూనే ఉన్నాం. తపాలా పని నాది. ఇద్దరూ ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి, ఎవరి మాట వాళ్ళకి స్పష్టంగా వినబడుతుండగా, నాతో మాట్లాడేవారు.

"చిట్టీ, బోర్డుకి ఒక మేకు ఊడిందని మీ నాన్నకి చెప్పు."

"చిట్టీ, వినపడిందని చెప్పు."

పోయినేడాది పెదనాన్న కళ్ళు సూది బెజ్జాన్ని గుర్తుపట్టడం మానేశాయి. దుకాణం షట్టరు సగం దించి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోవడం ఆయనకి రాదు. ఇంట్లో కర్టెన్లు విప్పాడు. లోపల రెండంగుళాలు లేవని కనిపెట్టి, పెద్దమ్మ చేత సూదిలో దారం ఎక్కించుకుని, కొత్తగుడ్డ వేసి కుట్టాడు. తరవాత దిండ్లమీద పడ్డాడు. పెద్దమ్మ ఓ వారం ఓర్చుకుని, లైబ్రరీ గోడమీద ఒక కాగితం చూసొచ్చింది. "మీ జీవితకథ మీరే రాసుకోండి. పన్నెండు ఆదివారాల శిక్షణ. టీ ఇవ్వబడును."

"నాకేం కథ ఉందే?" అన్నాడు పెదనాన్న.

"లేకపోతే టీ తాగి రండి. నా దిండ్లు బతుకుతాయి."

అలా చేరాడు. ఆయన కూడా నేనూ వెళ్ళాల్సి వచ్చింది. నేను వీధి చివర జిరాక్సు దుకాణంలో టైపింగు చేస్తాను, ఆయన చేతిరాత చదవగలిగినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే. నలభై అయిదేళ్ళు గుడ్డమీద సుద్దతో గీసిన చెయ్యి, కాగితం మీద పెన్నుతో కూడా అలాగే గీస్తుంది. బల్లమీద కాగితం పరిచి, నిలబడి రాస్తాడు. రాసేముందు ఓసారి అరచేత్తో ముడతలు సర్దుతాడు.

పాఠాలు చెప్పే మేడమ్ ఒక పత్రికాఫీసులో ముప్పై ఏళ్ళు ఇతరుల రాతలు కత్తిరించి రిటైరైన మనిషి. క్లాసులో ఒక బస్సు కండక్టరు, ఒక పళ్ళ డాక్టరు, ఇద్దరు నర్సులు, మా పెదనాన్న. మొదటి పాఠం: మనుషుల్ని కళ్ళకి కట్టినట్టు రాయాలి. "మీ భార్యని మొదటిసారి చూసిన రోజు రాసుకురండి" అంది మేడమ్ మగవాళ్ళతో. కండక్టరు మూడు పేజీలు రాశాడు. అందులో వెన్నెల ఉంది, వాన ఉంది, భార్య మాత్రం ఎక్కడో చివర్లో ఎక్కింది. పెదనాన్న నాలుగు వరసలు రాశాడు.

"భుజం పద్నాలుగు. చెయ్యి పొడవు ఇరవై ఒకటిన్నర. ఎడమ భుజం కుడిదానికన్నా పావంగుళం కిందికి ఉంటుంది. నవ్వినప్పుడు సమానమవుతుంది."

మేడమ్ దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, తిరిగిచ్చేసింది. నేను టైపు చేసి ఇంటికి తెస్తే పెద్దమ్మ లాక్కుని చూసింది.

"నా భుజం వంకరా? నలభై ఏళ్ళుగా ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్పడమెందుకు? కుట్టులో సర్దేశానుగా."

పెద్దమ్మ కాసేపు రుసరుసలాడింది. తరవాత లోపలికెళ్ళి, ఎవరూ చూడట్లేదనుకుని, అద్దం ముందు నిలబడి నవ్వి చూసుకుంది.

రెండో పాఠంలో గొడవొచ్చింది. రాసిందాంట్లో సగం కత్తిరించెయ్యాలంది మేడమ్.

"కత్తిరిస్తే మళ్ళీ అతకదండీ" అన్నాడు పెదనాన్న.

"అతకక్కర్లేదు. పారెయ్యాలి."

"నలభై అయిదేళ్ళలో ఒక్క పీలిక పారెయ్యలేదండీ నేను."

"టైలర్ గారూ, కత్తిరించడం మీరు రోజూ చేసిన పనే కదా!"

"నేను కొలిచి కత్తిరిస్తాను మేడమ్. మీరు కత్తిరించి కొలవమంటున్నారు."

కండక్టరు చప్పట్లు కొట్టాడు. మేడమ్ ఆ రోజు టీ ముందే తెప్పించింది.

టైపు చేసేటప్పుడు నా పాట్లు వేరు. ఆయన కాగితాల్లో ఏ మనిషి గురించి రాసినా, రాసిన వెంటనే మూడు నాలుగు వరసలు ఖాళీగా వదిలేవాడు. "మా గురువు కోపిష్టి. స్కేలుతో వేళ్ళమీద కొట్టేవాడు." ఖాళీ. "మా మేనత్తకి పిసినారి అని పేరు." ఖాళీ. నేను ఆ ఖాళీలన్నీ తీసేసి చక్కగా దగ్గరికి చేర్చి ఇచ్చాను. పెదనాన్న కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి చూసి, లోపల గుడ్డ దొంగిలించారని కనిపెట్టినవాడిలా మొహం పెట్టాడు.

"ఈ ఖాళీలేమయ్యాయమ్మా?"

"ఎందుకు పెదనాన్నా అవి? చదివేవాళ్ళు మిషను పాడైందనుకుంటారు."

"ఆ మనిషి ఇంకా పూర్తవలేదు."

"మీ గురువుగారు పోయి ముప్పై ఏళ్ళయింది కదా!"

"ఆయన పూర్తయ్యాడమ్మా. నాకర్థం కావడమే పూర్తవలేదు."

ఖాళీలు మళ్ళీ పెట్టాను. నెల రోజులకి గురువుగారి ఖాళీలోకి రెండు వాక్యాలు వచ్చి చేరాయి. "ఆయనకి అప్పటికే ఒక కన్ను కనిపించదని తరవాత తెలిసింది. నా కుట్టు వంకరని కాదు, అది వంకరో తిన్ననో తనకి తెలియట్లేదని ఆయన కోపం." వాటి కింద మళ్ళీ రెండు వరసల ఖాళీ. ఇంకా ఏమైనా అర్థమైతే పట్టాలి కదా మరి.

ఈలోగా ఎదురు దుకాణంలో మా నాన్న పరిస్థితి ఏమీ బాగాలేదు. అన్నయ్య జీవితకథ రాస్తున్నాడని తెలిసిన రోజే ఆయన కత్తెర గీత దాటింది. ముప్పై ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి. రోజూ సాయంత్రం నేనింటికి రాగానే మొదలుపెట్టేవాడు.

"మీ పెదనాన్న మోకాళ్ళెలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి."

"కళ్ళు?"

"అలాగే ఉన్నాయి."

"ఎంతదాకా వచ్చాడు?"

"ఎవరు?"

"కథలో."

"పెళ్ళిదాకా."

నాన్న వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. "అయితే ఇంకా ఇరవై రెండేళ్ళుంది" అని స్థిమితపడి భోజనానికి కూర్చున్నాడు. తరవాతి ఆదివారం పెదనాన్న పదేళ్ళని ఒక్క పేజీలో లాగించేశాడు. ఆ మాట విని నాన్న చేతిలో ముద్ద పళ్ళెంలోనే పెట్టేశాడు.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మా నాన్న టైలరు కాబట్టి రోజంతా ఊళ్ళోవాళ్ళ భుజాలు తడమడమే ఆయన పని, అయినా ఆ నెలంతా తన భుజాలు తానే తడుముకుంటూ తిరిగాడు.

"పుస్తకం సంగతి రాశాడా?"

"చూపించనని ఆయనకి మాటిచ్చాను నాన్నా."

"కాగితం చూపించొద్దు. టైపు చేసేటప్పుడు నీ మొహం ఎలా పెట్టావో అది చూపించు, చాలు."

ఇంతలో మేడమ్ చివరి పాఠం చెప్పేసింది: నిజం మొహమాటం లేకుండా రాయండి, ఎవర్నీ వదలకండి. పన్నెండో ఆదివారం ఒక్కొక్కరూ ఒక్కో అధ్యాయం పైకి చదవాలి, ఊరంతా రావచ్చు. లైబ్రరీ గుమ్మంలో పట్టిక అంటించారు. అందులో మూడో పేరు మా పెదనాన్నది. అధ్యాయం పేరు "పుస్తకం పోయిన ఏడాది".

ఆ పట్టిక చదివొచ్చి నాన్న మిషను ముందు కూలబడ్డాడు. "ఆ మూడువందల పన్నెండుమందీ ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారే" అన్నాడు. "సగంమంది నా దగ్గరే కుట్టించుకుంటున్నారు. నిండు సభలో నన్ను దొంగంటే, రేపు నా ముందు చేతులెత్తి నిలబడేదెవరు?"

టేపు పట్టుకున్నవాడిమీద నమ్మకం లేకపోతే మనిషి చేతులెత్తడు. శుక్రవారం పెదనాన్న దగ్గరికెళ్ళాను. ఆ అధ్యాయం టైపు చెయ్యక్కర్లేదన్నాడు, చేతిరాతే చదువుతానన్నాడు.

"నాన్న కుంగిపోతున్నాడు పెదనాన్నా."

ఆయన మామూలుగానే ఆగాడు. నేను కాచుక్కూర్చున్నాను. గడియారం వంక చూసుకున్నాను కూడా.

"వాడి కొలత నాకు తెలుసమ్మా" అన్నాడు చివరికి.

నాకు భయమే వేసింది.

ఆదివారం లైబ్రరీ హాలు నిండిపోయింది. ముందు వరసలో పెద్దమ్మా నేనూ కూర్చున్నాం. పళ్ళ డాక్టరు తన బాల్యం చదివాడు, అందులోనూ ఎక్కువభాగం పళ్ళే. కండక్టరు చదువుతుండగా వెనక్కి తిరిగి చూస్తే, ఆఖరి వరసలో, మూలకుర్చీలో, విప్పిన పేపరు వెనక మా నాన్న. ఆ పేపరు మంగళవారం నాటిది. రానంటూనే వచ్చాడు. శిక్ష ఏమిటో తెలుసుకోకుండా ఇంట్లో కూర్చోడం ఆయనవల్ల కాలేదు.

పెదనాన్న లేచాడు. కాగితాలు బల్లమీద పెట్టి, అరచేత్తో సర్ది, చదివాడు.

"ఆ ఏడాది బడులు తెరవడానికి పదిహేను రోజుల ముందు, పొద్దున్నే దుకాణం తెరిచాను. కొలతల పుస్తకం లేదు. మా తమ్ముడూ లేడు. నేను ముందు పుస్తకం కోసం వెతికాను. అది నా తప్పు."

ఆగాడు.

ఆయన ఆగడం ఊరందరికీ తెలిసిందే కాబట్టి అందరూ ఓపిగ్గా కాచుకున్నారు. ఒకాయన దగ్గి ముగించాడు. ఇంకొకావిడ బిడ్డని ఈ భుజంమీంచి ఆ భుజానికి మార్చుకుంది. పెదనాన్న ఒక కాగితం తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. మూడోదీ తిప్పాక మేడమ్ ఉండబట్టలేకపోయింది.

"టైలర్ గారూ, తరవాత?"

"తరవాత పదకొండు పేజీలు ఖాళీ అండీ."

"రాయలేదా? నిజం రాయమన్నాను కదా!"

"నాకు తెలిసిన నిజం చదివేశానండీ. వాడెందుకు వెళ్ళాడో, వెళ్ళాక వాడి మనసు ఎలా ఉందో నాకేం తెలుసు? అది నా గుడ్డ కాదు. వేరేవాళ్ళ గుడ్డమీద నేను కత్తెర పెట్టను."

ముప్పై ఏళ్ళు వేరేవాళ్ళ గుడ్డమీదే కత్తెర పెట్టిన మేడమ్ చేతిలోని పెన్నుకి మూత పెట్టేసింది. పెదనాన్న బల్ల దగ్గర్నుంచి కదిలి, కుర్చీల మధ్యనుంచి నింపాదిగా నడిచి, ఆఖరి వరసదాకా వెళ్ళి, పేపరు పక్కనున్న ఖాళీ కుర్చీలో ఆ పదకొండు పేజీలూ పెట్టాడు. తరవాత అంత దూరంనుంచి నన్ను పిలిచాడు.

"చిట్టీ, పేజీ నంబర్లు వేసే ఉన్నాయని చెప్పు."

పేపరు కాస్త కిందికి దిగి మళ్ళీ లేచింది.

"చిట్టీ, చూశానని చెప్పు" అంది పేపరు.

సోమవారం మా నాన్న దుకాణం తెరవలేదు. మంగళవారమూ తెరవలేదు. బుధవారం మధ్యాహ్నం జిరాక్సు దుకాణానికొచ్చి కాగితాలు నా ముందు పెట్టి, మొహం చూపించకుండా వెళ్ళిపోయాడు. పదకొండు పేజీలూ నిండిపోయి ఉన్నాయి. ఆయన గుడ్డ కోసినట్టే రాశాడు, అంచులదాకా, సూది మోపే సందు లేకుండా. చోటు చాలక పేజీల పక్కల్లో నిలువుగా కూడా ఎక్కించాడు. కాగితాల్ని గుండ్రంగా తిప్పుకుంటూ టైపు చేశాను.

"పుస్తకం నేను తీసుకున్నాను. దొంగతనమే. అన్నయ్య పనితనమంతా అందులోనే ఉందనుకున్నాను. అవి పోయినేటి కొలతలు. పిల్లలు ఏడాదిలో ఎదుగుతారని నాకు తట్టలేదు. అన్నయ్య పక్కన పనిచేసినన్నాళ్ళూ నాకది తట్టాల్సిన అవసరం రాలేదు, ఆ రెండంగుళాలు చూసుకునేవి. నేను గీతమీద కోశాను. తొంభైనాలుగు చొక్కాలు కుట్టాను, అన్నీ పోయినేటి పిల్లలకి."

అక్కడ ఆపి ఓసారి నవ్వుకున్నాను. తరవాతిది చదివాక నవ్వు ఆగింది.

బడులు తెరిచారు. ఒక్క ఫిర్యాదూ రాలేదట. నాన్న తన పక్కా కోతకి తనే మురిసిపోయాడట. మరుసటేడు ఒకావిడ పెద్దవాడి చొక్కా చిన్నవాడికి తగ్గించమని తెచ్చింది. నాన్న విప్పి చూశాడు. చంకల కింద అతుకులు, పక్కల్లో సన్నటి పట్టీలు, పైకి ఎక్కడా కనిపించకుండా. ఆ కుట్టు ఎవరిదో ఆయన చీకట్లో తడిమి చెప్పగలడు. ఇదెక్కడిదని అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయింది. "మొదటిరోజే బిగుతైందండీ. మీ దుకాణం ఇంకా తెరవలేదని ఎదురుగా మీ అన్నగారికి చూపించా. 'అదంతే అమ్మా, వాడు కొయ్యడం, నేను సర్దడం. దుకాణం ఒకటే, మధ్యలో వీధి వచ్చిందంతే' అన్నారు. బిగుతైనవాళ్ళనందర్నీ తిన్నగా తన దగ్గరికే పంపమన్నారు. మీకు తెలీదా?"

తెలుసని చెప్పాడట మా నాన్న.

ఆ తరవాత ఆయన ఇంకో పని చేశాడు. అదే ఏడాది పెదనాన్న కుట్టిన చొక్కా ఒకటి ఎలాగో సంపాదించి, లోపల విప్పి కొలిచాడు. రెండంగుళాలు లేవు. ఒక్కటే ఉంది. తానులు కొని యూనిఫాం కుట్టే మనిషి, ఆ ఒక్క ఏడాది ప్రతి చొక్కాలోనూ ఒక అంగుళం తగ్గించుకుని, ఆ గుడ్డతో తమ్ముడి తొంభైనాలుగు చొక్కాలకీ అతుకులు వేశాడు. ఒక్కరి నోటా ఆ మాట బయటపడలేదు. మా నాన్న పేరు నిలబడింది, బోర్డు నిలబడింది, మేము మూడు పూటలా తిన్నాం.

నాకు ఏడుపు రాలేదు. పద్దెనిమిదేళ్ళు తపాలా మోయించినందుకు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చెరో మొట్టికాయ వెయ్యాలనిపించింది. తిన్నగా నాన్న దగ్గరికెళ్ళాను.

"తెలిశాక వెళ్ళి ఒక్కమాట చెప్పొచ్చుగా నాన్నా? ఇన్నేళ్ళు కోపమనుకున్నాం మేమంతా."

"కోపమైతే ఎప్పుడో తీరిపోయేది" అన్నాడు నాన్న. "సిగ్గు తీరదే."

టైపు చేసిన కాగితాలు చేతికిచ్చాను. ఆఖరి పేజీ వాక్యం మధ్యలో ఆగిపోయిందని చూపించాను. ఆయన తన చేతిరాత ప్రతి తీసి చూసుకున్నాడు. నిజమే, పదకొండో పేజీ కింద మూలకొచ్చేసరికి చోటు అయిపోయింది. నాన్న ఆ మూలవంక చాలాసేపు చూశాడు. తరవాత కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, మెట్లు దిగి, వీధి దాటాడు. వీధిలో టీ కొట్టువాడు గ్లాసు కడగడం మానేసి చూశాడు.

సగం దించిన షట్టరు కింద వంగి లోపలికెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. పెదనాన్న బల్ల ముందు నిలబడి రాస్తున్నాడు. పెద్దమ్మ మూల స్టూలు మీద గుండీలు ఏరుతోంది. చేతిలో గుండీ చేతిలోనే ఉండిపోయింది.

నాన్న జేబులోంచి కాగితాలు తీసి బల్లమీద పరిచాడు. క్షమాపణకే వచ్చాడని మాకందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. కానీ నోరు తెరిచేసరికి వచ్చింది వేరు.

"ఊళ్ళో అందరికీ గుడ్డ ఎక్కువ వదుల్తావని పేరేగానీ, నాకిచ్చినప్పుడే తక్కువ పడింది."

పెదనాన్న ఆగాడు. పద్దెనిమిదేళ్ళ తరవాత విన్న మొదటి మాట కాబట్టి కాస్త ఎక్కువే ఆగాడు. నాన్న ఈసారి పేపరు వెనక దాక్కోలేదు, నిలబడి కాచుకున్నాడు.

"ఎన్ని పేజీలు కావాలిరా?" అన్నాడు పెదనాన్న.

"ఉండు, మిగిలింది ఎంతో కొలిచి చెబుతాను."

"నువ్వు కొలవకు" అన్నాడు పెదనాన్న, తన ఖాళీ కాగితాల కట్ట మొత్తం తమ్ముడి చేతుల్లో పెడుతూ. "నువ్వు కొలిస్తే సరిగ్గా సరిపోయి ఊరుకుంటుంది."